బాయిల్ నియమం, మా ఆయన బాయిలరు

అశ్వారావుపేట గ్రంథాలయంలో నేను చదవని బీరువా ఒక్కటే ఉండేది, అదీ దాని తాళంచెవి పోయింది కాబట్టి. పదో తరగతి తప్పి చదువు ఆపేసిన దాన్ని. పెళ్లయ్యాక ఆ గ్రంథాలయమే నా కాలేజీ అయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు కూరల ధరలు మాట్లాడుకుంటుంటే నేను తోకచుక్కల గురించి చెప్పేదాన్ని. వాళ్లు ఓపికగా విని, ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

మా ఆయన పామాయిల్ మిల్లులో బాయిలర్ దగ్గర హెల్పరు. గెలలు ఉడకడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరి కోసం గెలల పీచూ టెంకలూ పొయ్యిలోకి ఎగదోసే పని ఆయనది. ఎనిమిదేళ్లుగా అదే. ఇంట్లో అన్నం తింటూ మిల్లు వైపు నుంచి వచ్చే చప్పుడు విని, ఆవిరి ప్రెషర్ దిగిందనో, పీచు తడిగా వచ్చినట్టుందనో చెప్పేవాడు. మర్నాడు అడిగితే అది నిజమయ్యేది. అదొక చదువని నాకు తోచలేదు. కుక్క వాన వాసన పసిగట్టినట్టే అనుకున్నాను.

మా వీధి మొత్తానికి సెల్‌ఫోన్లు మూడో నాలుగో ఉన్న రోజులవి. ఇక మీదట బాయిలర్ మీద ఉండాలంటే అటెండెంట్ సర్టిఫికెట్ కావాలని మిల్లులో చెప్పారు. హైదరాబాద్‌లో నోటి పరీక్ష. పాసైతే బాయిలర్ ఆయన చేతికొస్తుంది. లేదంటే గెలల లోడింగుకు పోవాలి. ఒక్కో గెల ఇరవై, పాతిక కిలోలు. ఆయన నడుము అప్పటికే సరిగా లేదు.

నేను చదివిస్తానన్నాను.

గ్రంథాలయంలో అట్టలేని భౌతికశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. విషయసూచికలో వేలు పెట్టి చూస్తూ పోతే 'బాయిల్ నియమం' అని కనపడింది. వేలు అక్కడే ఆపేశాను. బాయిల్ అంటే మరగడమని నాకు తెలుసు, ఇంగ్లీషు నిఘంటువు కూడా తిరగేసినదాన్ని కదా. నీళ్లు మరిగే నియమం! బాయిలర్ వాళ్ల కోసమే ఎవరో రాసిపెట్టారనుకున్నాను.

నియమం చిన్నదే. స్థిర ఉష్ణోగ్రత వద్ద, కొంత వాయువు పీడనం పెరిగితే దాని ఘనపరిమాణం అదే లెక్కన తగ్గుతుంది. ఒత్తిడి రెండింతలైతే అది పట్టే చోటు సగమవుతుంది. మొదటి ఒత్తిడినీ మొదటి చోటునూ గుణించి, కొత్త ఒత్తిడితో భాగిస్తే కొత్త చోటు వస్తుంది. ఉన్న లెక్కలన్నీ ఒక్క రోజులో చేసేశాను. వెనక పేజీల్లోని జవాబులతో అన్నీ సరిపోయాయి. ప్రతి లెక్క మొదట్లోనూ 'స్థిర ఉష్ణోగ్రత వద్ద' అని ఉండేది. ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాసినట్టు, అది మర్యాద కోసం రాసే మాటనుకున్నాను. ఆయనకు నోరు తిరగదని, చెప్పేటప్పుడు దాన్ని వదిలేశాను.

క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేసిచ్చాను. రెండు వాతావరణాల పీడనంలో ఆరువందల ఘనపు సెంటీమీటర్ల గాలి ఉంది, పీడనం మూడు చేస్తే ఎంత? ఆయన నాలుక కొరుక్కుంటూ చాలాసేపు కుస్తీ పట్టి నాలుగువందలు తెచ్చాడు. నమ్మకం కుదరడానికి సైకిల్ పంపు తెచ్చి, మూతికి వేలు అడ్డం పెట్టి పిడి నొక్కమన్నాను. నొక్కినకొద్దీ గాలి వేలిని తన్నింది. ఆయన పంపును పక్కన పెట్టాడు.

"పంపుల గట్లనే ఉంటది. బాయిలర్ పంపు కాదు కదనే. దాని డొక్క ఎప్పుడూ అంతే. మంట పెంచితే ప్రెషర్ ముల్లు ఎక్కుతది."

"చోటు తగ్గకుండా ఒత్తిడి ఎట్ల పెరుగుతది?"

"ఏమో. రోజూ చూస్తున్న."

"నువ్వు చూసింది గొప్పనా, అచ్చులో ఉన్నది గొప్పనా?"

ఆయన పుస్తకం వైపు చూశాడు. "అచ్చులో ఉన్నదే గొప్ప," అన్నాడు.

ఆ తర్వాత నెల రోజులు ఆయన చేత ఒప్పజెప్పించాను. చోటు తగ్గితేనే ఒత్తిడి పెరుగుతుంది. చోటు మారకపోతే ఒత్తిడి మారదు. ఈ రెండో వాక్యం పుస్తకంలో లేదు. నేనే కల్పించాను.

పరీక్ష సంగతి ఆయన ఒక్కసారిగా చెప్పలేదు. రెండు మూడు రోజులు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అడిగినాయన మంచివాడేనట, తెలుగులోనే అడిగాడట. నీటిమట్టం గురించీ, వాల్వుల గురించీ మా ఆయన తడుముకోకుండా చెప్పాడు. ఆఖరి ప్రశ్న, ఆవిరి పోయే దారి మూసేసి మంట పెంచితే ప్రెషర్ ముల్లు ఏమవుతుందని. చోటు మారలేదు కాబట్టి ముల్లు కదలదన్నాడట. ఆ అధికారి పెన్ను కింద పెట్టి, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావని అడిగాడట. ఎనిమిదేళ్లన్నాడు. ఈ ఎనిమిదేళ్లలో ముల్లు కదలడం చూడలేదా అని అడిగితే, మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడట.

ఆయన్ను ఫెయిల్ చెయ్యకుండా ఎట్లా ఉంటారు? ముల్లు కదలదని నమ్మే మనిషి చేతికి బాయిలర్ ఇస్తే చుట్టూ పనిచేసేవాళ్లు ఏమైపోవాలి?

నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. నేను గ్రంథాలయానికి పోయి మళ్లీ ఆ పుస్తకం తీశాను. నేను ఆగిన చోటు నుంచి మూడు పేజీలు తిప్పితే ఉంది. ఘనపరిమాణం మారకుండా ఉష్ణోగ్రత పెరిగితే వాయువు పీడనం పెరుగుతుంది. ఆ పాఠం పేరులో మరగడమన్న మాట లేదని అప్పుడు ఆ పేజీలు చూడలేదు. బాయిల్ ఎవరో కూడా అక్కడే కింద చిన్న అక్షరాల్లో ఉంది.

ఇంటికి తెచ్చి ఆయనకు చదివి వినిపించాను. తిట్టినా బాగుండుననుకున్నాను.

"గిదే కదా నేను చెప్పింది," అన్నాడు. "మరి బాయిల్ అంటే?" అని అడిగాడు.

"మనిషి పేరు."

"మనిషి పేరా," అన్నాడు.

మళ్లీ పరీక్షకు వెళ్లమని ఎన్నిసార్లో చెప్పాను. అక్కడికి పోయి నిలబడితే తనకు తెలిసిందేదో నేను చెప్పిందేదో తెలియడం లేదన్నాడు. బయటి నుంచి సర్టిఫికెట్ ఉన్న మనిషి వచ్చాడు. ఈయన గెలలు మోస్తున్నాడు. సాయంత్రం వచ్చి నడుముకు వేడినీళ్ల గుడ్డ పెట్టించుకుంటాడు. నేను గ్రంథాలయానికి పోవడం మానేశాను. తీసుకున్న పుస్తకం పక్కింటి ఆమెతో పంపించాను.

ఇప్పటికీ అన్నం తినేటప్పుడు మిల్లు వైపు నుంచి చప్పుడొస్తుంది. ఆయన చెయ్యి కంచంలో ఆగుతుంది. తల అటు తిప్పి వింటాడు, పెదాలు కదులుతాయి. అంతలో నా వైపు చూసి, మళ్లీ అన్నం కలుపుకుంటాడు.