అత్త పిడికిలి

మొన్న తెనాలిలో బస్సు కోసం దాణా కొట్టు ముందు నిలబడితే, అక్కడ వేలాడుతున్న పొట్లం మీద కోడిబొమ్మ కనిపించింది. ముప్పై అయిదు దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కనపడ్డదల్లా చదవకపోతే నాకు తోచదు. మునగాకు, వాము, వెల్లుల్లి, నేలవేము. ఇవి దాణాలో కలిపితే కోడి ఒళ్లు చేస్తుందట, మాంసం రుచిగా ఉంటుందట. అన్నీ గ్రాముల్లో వేశారు. మా అత్త గ్రాములెరగదు. ఆవిడకున్న కొలత పిడికిలొక్కటే.

కర్లపాలెం దాటి సముద్రం వైపు వెళ్తే మా ఇల్లు. పందొమ్మిదొందల అరవైల్లో ఓ ఏడు పడవ మీద వెళ్లిన మా ఆయన తిరిగి రాలేదు. ఇంట్లో నేనూ, అత్తా, పాతిక కోళ్లూ మిగిలాం. ఆవిడ ఏడిస్తే నేను చూడలేదు, నేనేడిస్తే ఆవిడ చూడలేదు. ఎవరి మూల వాళ్లది. రోజుకి పది మాటలు మాట్లాడుకుంటే తొమ్మిది కోళ్ల గురించే. మా వైపు కోళ్లు రేవులో పారేసిన చేపల తలకాయలు తిని తిరిగేవి. బలిసేవి గాని, కూర వండితే ఒకటే నీచు. తెనాలిలో హోటలు నడిపే సాయిబు గారు మొదటిసారి కొన్నాక, "ఏంటి పెద్దమ్మా, నాకమ్మింది కోడా, ఈకలు మొలిచిన చేపా?" అన్నారు. అత్త నవ్వలేదు. ఇంటికొచ్చి కోళ్లను దడి లోపల పెట్టి, తవుడూ నూకల్లో మునగాకు, వాము, వెల్లుల్లి దంచి కలిపింది. చివర్లో రేపల్లె నుంచి తెప్పించిన నేలవేము పొడి పిడికెడు. అది విషమంత చేదు. కోడి కడుపుకి మంచిదని ఆవిడ నమ్మకం. రెండు నెలలకి నీచు పోయింది, తొడలు గట్టిపడ్డాయి. సాయిబు గారు మళ్లీ వేరే చోట కోడి కొనలేదు.

డెబ్బైల్లో అత్త మూడు రోజుల జ్వరంతో పోయింది. వేమూరు నుంచి అన్నయ్య వచ్చాడు. "పద, కోళ్లతో కాపురం చేస్తావా?" అన్నాడు. "కోళ్లు దెప్పవు కదా, అదే సుఖం" అన్నాను. మా వదిన గిన్నెలతో ఎలా చప్పుడు చేస్తుందో నాకు తెలుసు. సాయిబు గారు కోళ్లు కొన్నన్నాళ్లూ ఆ ఇల్లు నాది. మానేస్తే వదిన గిన్నెలే గతి.

అదే దాణా, అదే పిడికెడు కలిపాను. కోళ్లు ఓసారి పొడిచి వదిలేశాయి. నెల తిరిగేసరికి రొమ్ముటెముకలు తేలాయి. సాయిబు గారు ఒకదాన్ని ఒత్తి చూసి మళ్లీ నా బుట్టలోనే పెట్టేశారు. "ఇది మీ అత్తగారి చేతి కోడి కాదు చెల్లెమ్మా. వచ్చే నెల ఇంకొక్కసారి చూస్తా. అంతే."

మర్నాడు పొద్దున నేలవేము డబ్బాలో చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయాను. చిన్నప్పుడెప్పుడో వలతాడు కోసి, అత్త కుడిచేతి చివరి రెండు వేళ్లూ ముడుచుకునేవి కావు. పిడికిలి పట్టినా అవి పుల్లల్లా నిలబడేవి, సగం పొడి మళ్లీ డబ్బాలోకే జారేది. ఆవిడ పిడికెడంటే నాకు అరపిడికెడు! అన్నేళ్లు పక్కన కూర్చుని పిడికెడన్న మాట విన్నాను గాని, ఆ చెయ్యి చూడలేదు. రెండు వేళ్లూ చాచి పొడి పట్టాను. జారింది. అప్పుడొచ్చింది ఏడుపు, అత్త కోసం. చూడ్డానికి ఆవిడ మూలలో ఎవరూ లేరు.

నెల తర్వాత సాయిబు గారు కోడిని ఒత్తి చూసి, "ఆఁ, పెద్దమ్మ తిరిగొచ్చింది" అన్నారు. నేను వేమూరు వెళ్లలేదు.

మొన్న ఆ పొట్లం కొనలేదు. కోళ్లెక్కడివి ఇప్పుడు? బస్సెక్కి కమ్మీ పట్టుకుంటే నా కుడిచేతి చివరి రెండు వేళ్లూ నిలబడే ఉన్నాయి. కీళ్లవాతం, రెండేళ్లుగా ముడుచుకోవడం లేదు. అత్త కొలత ఇప్పుడు తనంతట తానే నా చేతికొచ్చింది. కాలం అడిగినవన్నీ ఇస్తుంది గాని, వాటితో పని తీరిపోయాక ఇస్తుంది.