జెయింట్ వీల్ కింద దొరికిన నట్టు

దసరా సెలవులకు మా గోసాని నువాగాం వచ్చిన మనవలిద్దరినీ మా అల్లుడు ఈ రోజు ఛత్రపురం దాటాక ఉన్న పార్కుకు తీసుకెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. ఫోన్‌లో చూపించిన నీటి జారుడుబల్లలు ఎండిపోయి, తాళాలేసి ఉన్నాయి. బొమ్మ రైలు కదల్లేదు. తిరిగేది జెయింట్ వీల్ ఒక్కటే. పిల్లల్ని అందులో కూర్చోబెట్టాడు.

సముద్రం మీద మబ్బు నల్లబడి గాలి లేచింది. వీల్ కింద ఇసుకలో నా బొటనవేలంత నట్టు కనిపించింది. దానికి తుప్పు లేదు, పచ్చి గ్రీజుంది. వీల్ తిప్పేవాడికి చూపించి, ఆపమన్నాను.

"ఏటీ అవ్వదు తాతా! మొన్న విశ్వకర్మ పూజకి కొబ్బరికాయ కొట్టినాం. తుపానుకే పడనేదు, ఇప్పుడు పడతాదేటి?"

అల్లుడు పగలబడి నవ్వాడు. "పుస్తకాలు సదివి సదివి మీకన్నిటికీ భయమే మావయ్యగారూ!"

పిల్లలు క్షేమంగానే దిగారు. అల్లుడు గెలిచినవాడిలా నావైపు చూశాడు.

ఇంటికొచ్చాక మనవరాలు నా చెవిలో చెప్పింది. "తాతా, పైకెల్లినప్పుడు మా పెట్టి ఓ పక్కకి ఒంగిపోయి కటకటమంది. నాన్నకి సెప్పకు. రేపు మల్లీ తీసుకెల్తానన్నాడు."

అతనికి చెప్పనని మాటిచ్చాను, ఇది చదివే మీకు చెప్పనని కాదు. అయినా నేను చెబితే మళ్ళీ నవ్వుతాడు. ఊళ్ళో అందరి మాటా వింటాడు, నా మాట తప్ప. మీలో అతణ్ణి ఎరిగినవాళ్ళు దయచేసి ఈ రాత్రే ఒక్క ఫోన్ చేయండి. పిల్లలు రేపటి బట్టలు తీసి పెట్టుకుని పడుకున్నారు.