పచ్చముక్కు పిట్టల దిబ్బ

నేను మొదట చూసిన సముద్రపక్షి సముద్రం మీద లేదు. బోధన్ దగ్గర ఒక చెరుకు తోటలో, బురదలో రెక్కలు పరుచుకొని పడి ఉంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నిజామాబాద్‌లో ఉండేవాళ్ళం. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టేది, బాపు చెరుకు లారీ నడిపేవాడు. ఎక్కడో సముద్రంలో తుఫాను పుట్టి మా దాకా మూడు రోజులు ముసురు పట్టింది. వాన తెరిపిచ్చాక బాపు లోడు కోసం పోతూ నన్నూ క్యాబిన్‌లో ఎక్కించుకున్నాడు. తోట యజమాని కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న పెద్దాయన. చెరుకు మొదళ్ళ దగ్గర ఏదో నల్లగా కదిలితే కర్రతో ఆకు పక్కకు తీసి చూశాడు. వీపు నలుపు, పొట్ట తెలుపు, తోక రెండుగా చీలి ఉంది. ఆయన కర్ర పక్కన పడేసి, రెండు చేతులతో దాన్ని ఎత్తుకొని రెక్కల మీది బురద తుడిచాడు.

"ఇది సముద్రం పిట్టయ్యా," అన్నాడు బాపుతో. "మా ఊళ్ళో గాలివాన తర్వాత ఒడ్డున కనపడేవి. పాపం, గాలి ఇంత దూరం మోసుకొచ్చింది."

ఆయన గొంతు ఎందుకు తగ్గిందో నాకు అప్పుడు తెలియలేదు. సముద్రం అనే మాటను మాత్రం ఆ రోజు కొత్తగా విన్నట్టు విన్నాను.

ఆ పక్షిని ఇంటికి తెచ్చుకున్నాం. తంబాకు ఘాటు దానికి పడదని అవ్వ తన చాట, ఆకు, కత్తెర అన్నీ తీసుకొని అరుగు మీదికి మారింది. రెండు రోజులు చలిగాలిలోనే కూర్చొని బీడీలు చుట్టింది. నేను చేప ముక్కలు పెడితే పక్షి ముట్టుకోలేదు. నావైపు కూడా చూడలేదు. గోడకు అవతల ఏదో ఉన్నట్టు అటే చూసేది. మూడో రోజు బాపు దాన్నీ నన్నూ నిజాంసాగర్ తీసుకుపోయాడు. కట్ట మీద నిలబడి చేతులు పైకెత్తి వదిలాను. అది కిందికి జారి, నీళ్ళకు జానెడు ఎత్తులో ఆగి, నెమ్మదిగా పైకి లేచింది. ఒకసారి మా మీదుగా తిరిగింది. ఎటు పోయిందని బాపును అడిగాను.

"నీళ్ళున్న దిక్కు పోయింది," అన్నాడు.

ఆ మాట పట్టుకొనే నా చదువంతా సాగింది. అంత నీరసించిన పక్షి సముద్రం చేరి ఉండదని చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాల్లో తెలుసుకున్నాను. అది టెర్న్ జాతి పక్షి. గూడు వదిలిన పిల్ల ఏళ్ళ తరబడి నేల మీద కాలు పెట్టకుండా గాలిలోనే బతుకుతుందట, గాలిలోనే నిద్రపోతుందట. ఆ సంగతి చదివిన రోజు హాస్టల్ గదిలో పుస్తకం మూసి, మా ఇంటి గోడవైపు చూస్తూ కూర్చున్న ఆ కళ్ళను తలుచుకున్నాను.

పక్షుల మీద పీజీ చేస్తానంటే చుట్టాలు దానికి ఏం నౌకరీ వస్తదని అడిగారు. అవ్వ మాత్రం ఒకటే అడిగింది, ఆ చదువులో నీళ్ళలో దిగే పని ఉంటదా అని. ఉంటదన్నాను. మరి ఈత నేర్చుకో అంది. మున్సిపాలిటీ కొలనులో, ఆడవాళ్ళకు కేటాయించిన గంటలో, ఇరవై ఒకటో ఏట ఈత నేర్చుకున్నాను.

తర్వాత ఆరేళ్ళు అరేబియా సముద్రంలో ఒక ఇసుక దీవి మీద పని చేశాను. చెట్టు లేదు, మనిషి లేడు. అరగంట నడిస్తే బయలుదేరిన చోటికే వస్తాం. మనుషులుండే దీవి నుంచి పడవలో మూడు గంటల దూరం. పక్షులు మాత్రం వేలల్లో. అన్నీ ఆ నల్లవీపు పక్షులే. నేల మీదే గుడ్లు పెట్టేవి. అడుగు తీసి అడుగు వేయడానికి చోటు వెతుక్కోవాలి. నా పని గూళ్ళు లెక్కపెట్టడం, పిల్లల కాళ్ళకు ఉంగరాలు తొడగడం, ఎన్ని ఎగిరాయో రాయడం. మధ్యాహ్నం ఇసుక తెల్లటి వెలుగులో కరిగిపోయేది. టార్పాలిన్ కింద పడుకుంటే ఆ వేల గొంతులు ఒకే గొంతయ్యేవి. సగం నిద్రలో అది మా వాడకట్టులో ఆడవాళ్ళంతా ఒక్కసారి బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడులా వినిపించేది. లేచి చూస్తే ఆకాశం నిండా రెక్కలు. ఇంకా మేలుకున్నానో లేదో తెలిసేది కాదు.

నన్ను ఆ దీవికి తీసుకుపోయే పడవాయన ముసలివాడు. ప్రతి సీజన్‌లో రెండుమూడుసార్లు బుట్ట తెచ్చి గుడ్లు ఏరుకునేవాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ ఉన్న అలవాటట. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకునే వయసు. కోపంగా రిపోర్టు రాశాను. అటవీశాఖ ఆఫీసు వాళ్ళు గుడ్లు తీయడం ఆపించారు. ముసలాయన నన్ను ఏమీ అనలేదు. పడవ నడపడమూ మానలేదు. నాతో మాట్లాడటం మాత్రం తగ్గించాడు.

మరుసటి ఏడు వానలు పోయాక దీవి మీద దిగితే చాలా గుడ్లకు చిల్లులు. ఇసుకలో సన్నని అడుగుజాడలు. ఎలుకలు. వానాకాలంలో పగిలిన ఒక పడవ అక్కడ ఒడ్డున పడిందని, దానితోపాటే అవి దిగాయని పడవాయన ఊరంతటికీ తెలుసు. నాకు చెప్పలేదేమని ముసలాయనను అడిగాను. ఆయన తాడు చుట్టుకుంటూ జవాబిచ్చాడు, "దీవి ఇప్పుడు మీది కదమ్మా. మీరే చూసుకుంటారనుకున్నాం."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. ఎలుకలను పట్టి ఏరివేయడానికి రెండు సీజన్లు పట్టింది. బోన్లు మోయడానికి వచ్చింది కూడా ఆ ముసలాయనే. నేను రాసిన రిపోర్టు గురించి ఒక రోజు ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. తల ఊపాడు, అంతే. నేనున్నన్నాళ్ళూ దీవి మీద పక్షులు పూర్వంలా నిండలేదు. ప్రాజెక్టు ముగిశాక నిజామాబాద్ వచ్చేసి ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. సముద్రం పని అయిపోయిందనుకున్నాను.

ఒక మార్చి నెలలో సెలవు దొరికి నిజాంసాగర్ పోయాను. నీళ్ళు వెనక్కి తగ్గి మధ్యలో ఒక దిబ్బ తేలింది. ఎండలో దాని అంచు వణుకుతూ నీళ్ళకు కొంచెం పైన, గాలిలో ఆగినట్టు కనిపించింది. దాని మీద తెల్లగా ఏవో లేచి వాలుతున్నాయి. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒక ఆమెను అవేమిటని అడిగాను. యాభై దాటిన మనిషి, చేపలు పట్టే కుటుంబం. భర్త పోయాక పడవ తనే నడుపుతోంది.

"పచ్చముక్కు పిట్టలు. ఎండకాలం గుడ్లు పెడ్తయి. సూస్తవా?" అంది.

సముద్రంలో నేను చూసిన వాటికి ఇవి దాయాదులు. నదుల టెర్న్‌లు. పసుపు ముక్కు, నల్లటి నెత్తి, చీలిన తోక. ఇసుకలో చిన్న గుంట చేసి రెండో మూడో గుడ్లు పెడతాయి. ఇంటి నుంచి బస్సు దూరంలో ఇవి ఇన్నేళ్ళుగా పిల్లలను పెంచుకుంటున్నాయి. నేను మాత్రం రెండు రోజుల ప్రయాణం చేసి వాటి చుట్టాల దగ్గరికి పోయాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పోయేదాన్ని. అక్క అని పిలిచేదాన్ని ఆమెను. నన్ను మేడం అనేది. గూళ్ళ పక్కన అంకెలు రాసిన గులకరాళ్ళు పెట్టి లెక్క రాసుకున్నాను. మూడో ఆదివారం పోయేసరికి ఆరు గూళ్ళు ఖాళీ. చుట్టూ గుడ్డు పెంకులు లేవు, కుక్క అడుగులు లేవు. మనిషి వట్టికాళ్ళ గుర్తులు ఉన్నాయి.

తిరిగి వస్తుంటే పడవలో అడిగాను, "గుడ్లు ఎవరు తీసిండ్రక్కా?"

తెడ్డు నాలుగైదు సార్లు నీళ్ళలో పడి లేచింది.

"నేనే తీసిన మేడం. మనుమరాలికి జరమొచ్చి లేసింది. ఉడకబెట్టి పెట్టిన."

తీయొద్దనే మాట నోటి దాకా వచ్చింది. ఆ మాట నాకు బాగా తెలుసు. దీవి మీద ఒకసారి అనేసి ఉన్నాను, దాని వెనకాల వచ్చిన మౌనాన్నీ చూశాను. నీళ్ళలో చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాను. తర్వాత పాపకు ఇప్పుడెలా ఉందని అడిగాను. నయమైందంది. ఈ గుడ్లు ఎప్పటి నుంచి తీస్తున్నారని అడిగాను. అప్పుడు ఆమె తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. పడవ దానంతటదే తేలుతుండగా చెప్పడం మొదలుపెట్టింది.

"మా అత్త నేర్పింది. మొదాలు పెట్టినయి తీస్తే మల్ల పెడ్తయి. ఎండలు ముదిరినంక తియ్యొద్దు, గప్పుడు తీస్తే ఆ ఏడు పిల్లలే ఉండయి. ఎన్నడు తియ్యలే నేను."

ఆ సంగతి నేను చదివిందే. చదవడానికి నాకు ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆమెకు ఇంకా చాలా తెలుసు. పూర్వం ఇలాంటివి నాలుగైదు దిబ్బలు పిట్టలతో నిండేవట. ఇప్పుడు ఇదొక్కటే మిగిలిందట. ఏప్రిల్‌లో నీళ్ళు ఇంకా తగ్గి ఒక పక్క నేల తేలుతుంది, దిబ్బ ఒడ్డుతో కలిసిపోతుంది, ఊరకుక్కలు నడిచి వస్తాయి, ఒక్క పూటలో అంతా ఊడ్చుకుపోతాయి. రెండేళ్ళుగా ఒక్క పిల్లా ఎగరలేదని చెప్పింది. మరి ఏం చేద్దామక్కా అన్నాను. ఆలోచించి, చేనుకు కట్టినట్టు కంప కడదాం అంది.

నేల తేలిన మూడో రోజుకే తుమ్మ కంప కొట్టించి దిబ్బను ఒడ్డుతో కలిపే ఆ సన్నని నేల మీద అడ్డంగా వేశాం. ఆమె, ఆమె కోడలు, నేను. చేతుల నిండా ముళ్ళు గీసుకుపోయాయి. ఎండకు పిల్లలు తాళలేకపోతున్నాయని నీడ కోసం ఏదైనా కావాలని నేనంటే, ఊళ్ళో పాత ఇల్లు విప్పిన చోట గూన పెంకులు కుప్పగా పడి ఉన్నాయంది అక్క. గంపల్లో మోసుకొచ్చి గూళ్ళకు దగ్గరగా బోర్లించాం. మొదట తల్లులు వాటిని నమ్మలేదు. తర్వాత పిల్లలు వాటంతటవే దూరి పడుకోవడం మొదలుపెట్టాయి.

మధ్యాహ్నాలు మేమిద్దరం పడవలో, దిబ్బకు దూరంగా, తలల మీద కొంగులు కప్పుకొని కూర్చునేవాళ్ళం. తల్లిపిట్ట లేచి నీళ్ళ మీదికి వంగి, పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చునేది. గుడ్లు చల్లబడేవి. కాసేపటికి తండ్రిపిట్ట లేచేది. అలా ఎండ పొద్దంతా. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉండేవి. పిట్టలు దేనిలోంచి లేచి దేనిలోకి వాలుతున్నాయో కనిపించేది కాదు. ఒక్కోసారి కూర్చునే కునుకు పట్టేది. మెలకువ వస్తే పడవ ఎక్కడికో తేలి ఉండేది. అక్క నిద్రపోతూ ఉండేది, తెడ్డు ఒళ్ళోనే.

మే మొదట్లో ఒక సాయంత్రం రాళ్ళవాన పడింది. నేను నిజామాబాద్‌లో ఉన్నాను. మా వాకిట్లో నిమ్మకాయలంత రాళ్ళు. అవ్వ చాట నెత్తిన పెట్టుకొని పోయి బట్టలు తెచ్చింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఉంటే నా ముఖం చూసి, పొద్దున మొదటి బస్సుకు పో, నేను కూడా వస్తా అంది. అన్నేళ్ళలో నా పని చూస్తానని ఆమె అడగడం అదే మొదటిసారి.

పొద్దున అవ్వ, అక్క, నేను ముగ్గురం దిబ్బ మీద దిగాం. ఇసుక నిండా గుంటలు. కంప ఒక పక్క పడిపోయింది. పగిలిన గుడ్లు, చచ్చిన పిల్లలు, రెక్క విరిగిన ఒక పెద్ద పిట్ట. పైన మిగతావి తిరుగుతున్నాయి కానీ అరవడం లేదు. నేను నోటుబుక్కు తీయలేకపోయాను. అక్క వంగి ఒక గూన పెంకు ఎత్తింది. ఖాళీ. ఇంకొకటి ఎత్తింది. కింద బూడిదరంగు పిల్ల, ఇసుకకు అతుక్కుపోయినట్టు, కళ్ళు మాత్రం తెరిచి ఉంది. పెంకు మళ్ళీ మెల్లగా బోర్లించింది. అవ్వ ఇంకో వైపు నుంచి మొదలుపెట్టింది. ఇద్దరూ, ఉడుకుతున్న కుండ మూత తీసి చూసినట్టు, ఒక్కో పెంకు ఎత్తి చూసి దించుతూ మధ్యలో కలిశారు.

"నా దిక్కు ఏడు," అంది అవ్వ.

"నా దిక్కు నాలుగు," అంది అక్క.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అవ్వ చూసి కొంగు ఇచ్చింది. వెనక్కి వస్తూ వాళ్ళిద్దరూ ఏ ఊరు ఆకు మంచిదో మాట్లాడుకున్నారు. అక్క కూడా పెళ్ళికి ముందు బీడీలు చుట్టేదట.

ఆ పదకొండులో తొమ్మిది ఎగిరాయి. జూన్ మొదటి వారంలో, వాన రాకముందే, వారం రోజుల తేడాలో. చివరిది ఎగిరిన నాడు నేను కాలేజీలో పేపర్లు దిద్దుతున్నాను. అక్క ఫోన్ చేసి చెప్పింది. నా లెక్కలో ఆ వివరం ఆమె మాటల్లోనే రాసుకున్నాను: "పొద్దుగాల కట్ట మీదికెల్లి పోయింది."

మరుసటి ఏడు మార్చిలో దిబ్బ మళ్ళీ తేలింది. పిట్టలు వచ్చాయి, కిందటి ఏటి కన్నా ఎక్కువేం కాదు. మొదటి గుడ్లు పడ్డ రోజు ఇద్దరం పడవలోంచే చూస్తున్నాం. ఈ ఏడు గుడ్లు తీస్తావా అక్కా అని నేనే అడిగాను. వద్దనే హక్కు నాకు లేదనిపించింది. తీయమనే ధైర్యమూ లేదు.

ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు దిబ్బను చూసింది.

"ఈ ఏడు వద్దు బిడ్డా. తక్కువున్నయి," అని, పడవను నెమ్మదిగా పిట్టలు బెదరని దూరానికి తిప్పింది.