బలసముద్రం చివరి సున్నా

సోలార్ పార్కులో కరెంటు మొదలైన రెండో వేసవిలో నన్ను కర్ణాటకలోని పావగడ తాలూకాకు కంట్రోల్ రూం ఇంజనీరుగా వేశారు. సోలార్ పలకల నుంచి వచ్చే కరెంటును లైన్లకు పనికొచ్చేలా మార్చే యంత్రాన్ని ఇన్వర్టర్ అంటారు. ఏ ఇన్వర్టర్ ఎప్పుడు మొదలైందో, ఎందుకు ఆగిందో కంప్యూటరు ఒక్కో వరుసగా రాసుకుంటూ పోతుంది. అది లాగ్ ఫైలు.

ఒక మధ్యాహ్నం కాంట్రాక్టు సూపర్‌వైజరు, పలకలు కడిగే నాగరత్నమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. మూడు రోజుల కిందట బలసముద్రం బ్లాకులో ఇన్వర్టర్ ఆగిపోయింది. ఈమె కర్ర తగిలి కేబుల్ ఊడిందనీ, రేపటి నుంచి పనిలోకి వద్దనీ అతని మాట.

"పొద్దున ఏడు గంటలకు మేము పైపు పట్టుకునేటప్పటికే ఆ మిషను సద్దు లేదు సార్. నేను చెప్తే ఎవురింటారు?" అందామె.

ఆగిన సమయం తెలిస్తే తగువు తేలిపోతుంది. కానీ ఏడాది లాగంతా ఒకే ఫైలు. తెరవబోతే కంప్యూటరు బిగుసుకుపోయింది. అంత ఫైలును ఒక్కసారిగా మెమరీలోకి లాగితే అంతే మరి. అందుకని చిన్న ప్రోగ్రాము రాశాను: ఒక వరుస చదువు, అందులో ఆ తేదీ, బలసముద్రం పేరు రెండూ ఉంటే చూపించు, లేకుంటే వదిలేసి తర్వాతి వరుసకు పో. ఫైలెంత పెద్దదైనా మెమరీలో ఉండేది ఒక్క వరుసే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దొరికిన వరుసలు: సున్నా.

"చూసినారా సార్! మిషను దానంతటది ఆగినట్టు ఎక్కడా లేదు" అన్నాడు సూపర్‌వైజరు. నా మొహం మాడిపోయింది.

ఏ పేరుతో వెతికినారని నాగరత్నమ్మ అడిగింది. చెప్పాను.

"ఇంట్లో బలసముద్రం అంటాం సార్. కన్నడ ఇస్కూల్లో బలసముద్ర అనే రాసినాం. బస్సు బోర్డు మీద కూడా సున్నా ఉండదు. ఆ సున్నా తీసి చూడండి."

ఫైలు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నా ఊళ్ల పేర్లు కన్నడ పద్ధతిలో రాసినవి. తెలుగువాణ్ని కదా, చివర అలవాటుగా 'ఎమ్' తగిలించాను. అది చెరిపేసి నొక్కగానే వరుసలు బిలబిలా వచ్చేశాయి. ఆరూ నలభైకి ఫ్యాన్ చెడిపోయి ఇన్వర్టర్ ఆగినట్టు స్పష్టంగా ఉంది.

సంతోషం పట్టలేక పకపకా నవ్వేశాను. సూపర్‌వైజరుకూ నవ్వక తప్పలేదు. "రేపు పనికి వచ్చేయమ్మా" అన్నాడు.

"నేనెప్పుడు రానంటినప్పా?" అందామె.

వెతుకులాటకు వేగం ఒక్కటే చాలదని ఆ రోజు తెలుసుకున్నాను. రాసినవాళ్లు ఎలా రాశారో అలాగే వెతకాలి. సున్నా వచ్చినప్పుడు, ఫైల్లో లేదని తేల్చేముందు మన దగ్గర ఒక సున్నా ఎక్కువుందేమో చూసుకోవాలి.