వెనక సీటెక్కిన స్టీరింగక్క

పందొమ్మిదేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న ఆమెను డిపోలో అసలు పేరుతో పిలిచేవాళ్లే లేరు. అందరికీ స్టీరింగక్క. ఏటా జరిగే కళ్ల పరీక్షలో ఆ ఏడు డాక్టరు మామూలుకంటే ఎక్కువసేపు చూశాడు. చివరికి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తోందమ్మా. పక్కనుంచి వచ్చేవి నీకు కనిపించట్లేదు. ఇక బస్సు నడపకూడదు."

"మొత్తం పోతుందా?"

"మందులు వాడితే నెమ్మదిస్తుంది. పోయింది మాత్రం తిరిగి రాదు."

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. ఈ మధ్య బస్సు ఎడమ అద్దం రెండుసార్లు గోడకు రాసుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని గుండె కుదుటపడింది.

ఇంట్లోనే మిషను కుట్టే భర్త, ఈ సంగతి వినగానే కత్తెర కింద పడేసి, "ఇంకో డాక్టరుకి చూపిద్దాం, పద" అన్నాడు. చూపించారు. ఆయనా అదే మాట చెప్పాడు.

"ఇప్పుడేం చేద్దామే?" అన్నాడు భర్త బిక్కమొహం వేసి.

"నాకూ తెలీదు. తెలిసేదాకా కంగారు పడకుండా ఉందాం."

అన్నదే గానీ, సెలవు పెట్టిన మూడో రోజుకే ఇంట్లో కాలు నిలవలేదు. తను నడిపిన రూటు బస్సే ఎక్కి చివరి సీట్లో కూర్చుంది. పోస్టాఫీసు మలుపులో బస్సు విసురుగా తిరిగేసరికి, పట్టు దొరక్క పక్కనున్న ముసలమ్మ ఒళ్లో పడినంత పనైంది.

"ఈ బస్సుకి కొత్తా?" అంది ముసలమ్మ. "ఇక్కడెప్పుడూ ఇంతే. ఇదివరకు ఒకావిడ నడిపేది, ఆవిడైతే మరీను! నేను రెండు స్టాపుల ముందే కడ్డీ పట్టేసుకునేదాన్ని."

స్టీరింగక్కకు ఎక్కడ మొహం పెట్టుకోవాలో తెలియలేదు. అంతలోనే నవ్వాగలేదు. "ఆవిడ నేనే, పెద్దమ్మా."

ముసలమ్మ నోరెళ్లబెట్టింది. "అయితే చూశావుగా మా అవస్థ!"

వారం రోజులు అలాగే తిరిగింది. బ్రేకు ఎక్కడ గట్టిగా పడుతోందో, నిలబడ్డవాళ్లు ఎటు తూలుతున్నారో గమనించింది. ఆ తర్వాత డిపో మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"కొత్త డ్రైవర్లకి స్టీరింగ్ ఇచ్చేముందు వారం పాటు వెనక సీట్లో కూర్చోబెట్టండి సార్. పక్కన నేనుంటా."

"డ్రైవర్లకి బస్సెక్కడం నేర్పుతానంటావేంటమ్మా?"

"వెనక కూర్చున్నవాళ్ల అవస్థ నాకు తెలియడానికి పందొమ్మిదేళ్లు పట్టింది సార్. వాళ్లకి వారం చాలు."

మేనేజరు నవ్వేసి ముగ్గుర్ని అప్పగించాడు. మూడు నెలలైనా ఆ ముగ్గురి మీద ఒక్క ఫిర్యాదూ రాకపోయేసరికి, ఆమెను శిక్షణ విభాగంలోకి తీసుకున్నాడు.

చూపు ఇంకా కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంది. ఆమె తట్టుకుని పడకుండా భర్త ఇంట్లో మెట్ల అంచులకు తెల్ల పట్టీలు అంటించాడు. స్టీరింగ్ మీద బెంగ లేదా అని ఎవరైనా అడిగితే ఆమె దాచుకోదు.

"లేకేం? ఒక్కోరోజు చేతులు స్టీరింగ్ వైపు లాగేస్తాయి. కానీ ఈ వీధుల్లో ఇన్ని మేడలు, ఆ మేడల మీద ఇన్ని పూలకుండీలు ఉన్నాయని నాకిప్పుడే తెలిసింది. కనిపించినన్నాళ్లూ చూసుకోనీ."