ఎడమచేతి దణ్ణం

కోట ఊరు దాటి తూర్పుగా పోతే రొయ్యల గుంటలు. గుంటలు దాటితే సరుగుడు తోపు. తోపు దాటితే ఇసుక, ఆ ఇసుక మీద ఒక జాలర్ల పాలెం. ఆ పాలెంలో ఆడపిల్లలు పెద్దవాళ్లకు ఎడమచేత్తో దణ్ణం పెడతారు. అరచేతిని నిటారుగా గుండెల ముందుకు తెచ్చి, కళ్లు సగం మూసి, తల కొంచెం వంచుతారు.

కొత్తగా వచ్చిన నర్సమ్మ కరుణాకుమారి మొదటిరోజే నొచ్చుకుంది.

"ఎడమచేత్తో దణ్ణమేంది? నేనేం తప్పు చేసినా మీకు?"

పిల్లలు ఒకే గొంతుతో పాఠం అప్పజెప్పినట్టు జవాబు చెప్పారు. "కొట్టే చెయ్యి దణ్ణానికి పనికిరాదు మేడం."

ఆ మాటా ఆ దణ్ణమూ వాళ్లకు నేర్పినవాడు ముత్యాలయ్య. అరవై రెండేళ్లవాడు. తెల్లారుజామున వేటకు పోతాడు. పొద్దెక్కాక వచ్చి వల బాగుచేసుకుంటాడు. సాయంత్రం తుఫాను షెల్టరు ముందు ఇసుకలో పదకొండుమంది ఆడపిల్లలకు కుంగ్‌ఫూ నేర్పుతాడు. తలనిండా తెల్లజుట్టున్నా ఊరు ఆయన్ను గుండు మాస్టరనే పిలుస్తుంది. ఆ పేరు వెనక ఒక సినిమా ఉంది.

నలభై ఏళ్ల కిందట రంగనాయకులు అనే ఆయన కోట శివార్లలో టూరింగ్ టాకీస్ డేరా వేసినాడు. తెలుగు సినిమా పెట్టెలు అందని వారాల్లో మద్రాసు నుంచి తెచ్చిన ఒకే చీనా సినిమా ఆడించేవాడు. దాని పేరేమిటో ఎవరికీ తెలియదు. జనం గుండుసాముల సినిమా అన్నారు. అందులో అందరికీ నున్నటి గుండ్లు. మొదటిరోజు చూసినవాళ్లు తిరపతి పోయొచ్చిన గుంపనుకున్నారు. కొండమీద ఒక గుడి, ఆ గుడికి చెక్కమెట్లు, మెట్ల పక్కన ఒక గోడ. ఆ గోడ నాలుగుసార్లు కూలుతుంది, ప్రతిసారీ మళ్లీ లేచి నిలబడి ఉంటుంది. గురువుగారి తెల్లగడ్డం ఒక పక్క ఊడి గాలికి ఎగురుతూ ఉంటుంది. దెబ్బ తగలకముందే చప్పుడు వినిపిస్తుంది. అయినా తెల్లవారకముందే ఆ సాములంతా బయటి ముంగిట్లో, గుడివైపు తిరిగి, చూసేవాళ్లకు వీపులు పెట్టి వరసగా నిలబడి, ఒక్కసారిగా చేతులు చాపి అడుగు వేస్తే, ఇరవై రెండేళ్ల ముత్యాలయ్యకు అల ఒకటి లేచి విరగకుండా ఆగినట్టు ఉండేది. చివరి వరసలో చివరి సామి వెనక తానూ నిలబడేవాడు. వాళ్ల వీపులు చూస్తూ అడుగులు నేర్చుకున్నాడు. ఇరవైమూడు సార్లు చూశాడు.

అందుకే తానూ పిల్లలకు వీపు పెట్టి నేర్పుతాడు. ముందు తాను, తన ముందు సముద్రం, వెనక పిల్లలు.

ఈ ఏడు వాళ్లలో పెద్దదైన వనజాక్షి పేరు నెల్లూరులో జరిగే జిల్లా కుంగ్‌ఫూ పోటీకి వెళ్లింది. వనజాక్షి ముత్యాలయ్య తమ్ముడి కూతురు, కోటలో డిగ్రీ చదువుతోంది. పోటీకి తొమ్మిది రోజులుందనగా నెల్లూరు నుంచి కోచ్ విజయభాస్కర్ మోటారు సైకిలు మీద పాలెం వచ్చాడు. పిల్ల అడుగుల వరస మొదటినుంచి చివరిదాకా చూశాడు. చూసి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బాగుంది మాస్టరుగారూ. నిజంగానే బాగుంది. ఒక్క తప్పు లేదు. కానీ అంతా తప్పే."

"అంటే సార్?"

"కుడి ఉండాల్సినచోట ఎడమ ఉంది. ఎడమ ఉండాల్సినచోట కుడి. దణ్ణంతో సహా. ఈ వరస కుడితో మొదలవ్వాల. ఇట్టనే చేస్తే లెక్కలోకి తీసుకోరు. మార్చుకుంటే మొదటి ముగ్గురిలో ఉంటుంది, అందులో అనుమానం లేదు. మీ గురువుగారెవరు?"

ముత్యాలయ్య సినిమా సంగతి చెప్పాడు. చెక్కమెట్లు, నాలుగుసార్లు కూలే గోడ, ఊడిన గడ్డం. విజయభాస్కర్ నవ్వుతూ ఫోన్ తీసి వెతికాడు. పది నిమిషాల్లో దొరికింది.

"ఇదేనా?"

ఇదే. మెట్లు అవే, గోడా అదే. కానీ మెట్లు గోడకు రెండో పక్కకు పోయాయి. కుడినుంచి రావాల్సిన దొంగలు ఎడమనుంచి వచ్చారు. గురువుగారి కుడిచెంప మీది పుట్టుమచ్చ ఎడమచెంప మీదికి పోయింది. ముత్యాలయ్యకు పొద్దున లేచేసరికి సముద్రం పడమటి పక్కకు పోయి, ఇంటి వెనక హోరు పెడుతున్నట్టుంది.

"ఈయన ఆయన కాడు సార్. తమ్ముడేమో."

"గోడక్కూడా తమ్ముడుంటాడా మాస్టరుగారూ?"

అప్పుడే ఫోన్లో గురువు ఇటు తిరిగి, చేయి నిటారుగా గుండెల ముందుకు తెచ్చాడు. అది కుడిచేయి.

విజయభాస్కర్ మర్యాదస్తుడు, మాట మార్చేశాడు. పిల్లను రేపట్నుంచి నెల్లూరు పంపితే వారంలో సరిచేస్తానని చెప్పి వెళ్లిపోయాడు. వనజాక్షి మాత్రం కదల్లేదు. "నువ్వు పొమ్మంటే పోతా పెదనాయనా. లేకుంటే ఇట్టనే చేస్తా" అంది. ముత్యాలయ్య పొమ్మనలేదు, వద్దనలేదు. వెళ్లేముందు ఆమె పెట్టిన దణ్ణానికి బదులు పెట్టబోయి ఏ చెయ్యో తెలియక రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

మరునాడు వేటనుంచి వచ్చాక ఒడ్డున ఎవరూ లేనిచోట కుడితో మొదలుపెట్టి చూశాడు. రెండడుగులు బాగానే పడ్డాయి. మూడో అడుగులో కాళ్లు ఒకదాన్నొకటి తన్నుకుని ఇసుకలో కూలబడ్డాడు. పడవ నెడుతున్న దావీదు చూడనే చూశాడు.

"ఏం మాస్టరూ, పొద్దున్నే పడిందా?"

"ఏం పడింది?"

"నువ్వేలే."

ఇంటికి వచ్చేసరికి అంకాలమ్మ చీర ఆరేస్తోంది. చిలకల అచ్చు చీర, ఉతికి ఉతికి పలచబడి రంగు రెండువైపులా కనిపిస్తోంది. ముత్యాలయ్య దాని ముందు ఆగిపోయాడు. చిలకలన్నీ తన కుడిచేతి వైపు చూస్తున్నాయి. దండెం కింద దూరి అవతలికి పోయాడు. ఇప్పుడవి ఎడమచేతి వైపు చూస్తున్నాయి. మళ్లీ ఇవతలికి వచ్చాడు. చిలకలు మాత్రం కదల్లేదు. రెండుసార్లూ పడమటికే, ఆ సరుగుడు తోపువైపే చూస్తున్నాయి. మారింది తన కుడీ ఎడమలే.

"నా చీరకాడ ఏంది నీ ప్రదక్షిణం?" అంది అంకాలమ్మ.

"ఆ సినిమా నేను ఇట్ట చూసినా."

"ఎట్ట?"

"ఇట్ట. తెర వెనకనుంచి."

నలభై ఏళ్ల కాపురంలో ఆమెకు చెప్పని మాట అది. డేరాలో తెర ముందు టికెట్టు జనం. పాలెం వాళ్లను ముందు కూర్చోబెడితే వాసనంటూ గోల చేస్తారని, రంగనాయకులు వాళ్లను తెర వెనక ఇసుకలో కూర్చోబెట్టేవాడు. టికెట్టుకు బదులు గుప్పెడు ఎండు నెత్తళ్ల చేపలు. తెలుగు సినిమా అయితే పేర్లు పడేటప్పుడు చదువుకున్నవాళ్లెవరైనా నవ్వి, అక్షరాలు తిరగబడ్డాయని చెప్పేవాళ్లు. ఇది చీనా సినిమా. ఆ అక్షరాలను ఎటునుంచి చూసినా ఒకటే. తిరగబడిందని చెప్పేవాడు లేడు, అనుమానపడేంత తెలివి తనకూ లేదు.

అంకాలమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత తాపీగా అడిగింది.

"అయితే ఆయన దణ్ణం పెట్టింది కుడిచేత్తోనా?"

"ఊ."

"కొట్టింది?"

"దాంతోనే."

"అయితే ఇంక నన్ను కొడతావా ఏంది?"

ఆమె నవ్వుతూనే అంది. ముత్యాలయ్యకు నవ్వు రాలేదు. పెళ్లయిన మొదటి ఏడు, కూడు మాడిందనో మరెందుకో, ఆమె చెంప మీద కొట్టాడు. కుడిచేత్తోనే. ఆ సాయంత్రం తలెత్తుకోలేక డేరాకు పోయి తెర వెనక కూర్చున్నాడు. గురువు అంతమందినీ చితకగొట్టి, చివర ఇటు తిరిగి ఎడమచేత్తో దణ్ణం పెట్టాడు. అప్పటికి ఎన్నోసార్లు చూసిన దణ్ణమే. ఆ రోజే అర్థమైందనుకున్నాడు. కొట్టిన చెయ్యి మైలపడింది, ఇంక దేవుడి ముందుకు ఎత్తకూడదు, అందుకే మిగిలిన చెయ్యి. తెర మీద గురువు కొట్టిందీ ఎడమచేత్తోనే అని అప్పుడు తోచలేదు, కొట్టే చెయ్యంటే తన కుడిచెయ్యే అనుకున్నాడు. ఆ రోజునుంచి అంకాలమ్మ మీద చెయ్యెత్తలేదు. ఆ మాట పట్టుకునే మనిషయ్యాడు. ఆ మాట చెప్పుకునే మాస్టరయ్యాడు. ఇప్పుడు చూస్తే గురువు ఆ మాట అననేలేదు. తెర అవతల పక్కన, టికెట్టు కొన్న జనానికి, ఆయన కొట్టిన చేత్తోనే దణ్ణం పెట్టిపోయాడు.

మరి తనకు ఆ మాట చెప్పిందెవరు? ఆలోచించేకొద్దీ తల చిక్కుపడిన వలలా తయారైంది. ఒక ముడి విప్పితే ఇంకొకటి బిగుస్తోంది.

సాయంత్రం పిల్లలు వచ్చి వరసగా నిలబడ్డారు. ముత్యాలయ్య సముద్రంవైపు తిరగలేదు, వాళ్లవైపే తిరిగి నిలబడ్డాడు. వీపు పెట్టి చెప్పే మాట కాదది.

"మీకు నేర్పింది తిరగబడిందమ్మా. నేను సినిమా చూసింది తెర వెనకనుంచి."

"ముందు కూర్చోలేదా పెదనాయనా?" అని వనజాక్షి అడిగింది.

"కూర్చోనీలేదు. చేపల వాసనని."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లూ కోట బడిలో, బస్సులో ఆ మాట విన్నవాళ్లే. అందరికంటే చిన్నదైన చిట్టి నోరు తెరిచింది.

"మరి కొట్టే చెయ్యి మాటో?"

"అది సినిమాలో లేదు. వాళ్లు చీనాలో ఏం మాట్లాడినారో నాకు తెలీదు. నేనే కట్టుకున్నా."

"అయితే అబద్ధమా?"

ముత్యాలయ్య జవాబు కోసం ఇసుకలోకి, షెల్టరు మెట్లవైపు, చివరికి తన చేతులవైపు చూశాడు. "తెలీదమ్మే" అన్నాడు. "నిజంగానే తెలీదు. వనజా, నువ్వు నెల్లూరు పో. ఆ సారు సరిగ్గా చెప్తాడు."

అంటే ఇంక మన ఆట ఇంతే అన్నట్టు చిట్టి మొహం ముడుచుకుంది. వనజాక్షి కదల్లేదు. పెదనాయన కాళ్లవైపు చూస్తోంది, నీళ్లలో చేప జాడ చూసినట్టు.

"నువ్వు అట్టనే నిలబడి చెయ్యి పెదనాయనా."

"ఎట్ట?"

"ఇప్పుడున్నట్టే. మా మొహం చూస్తా. నీకొచ్చినట్టే చెయ్యి, ఏం మార్చబాక."

ఆయన ఎప్పటిలాగే ఎడమ చెయ్యి చాపాడు. ఎదురుగా వనజాక్షి, అద్దంలో మనిషిలా, అదే పక్కనున్న తన చెయ్యి చాపింది. అది ఆమె కుడిచేయి. ఆయన ఎడమకాలు ముందుకు వేశాడు, ఆమె కుడికాలు ముందుకు వేసింది. తక్కిన పిల్లలు కొంతమంది అటు, కొంతమంది ఇటు వేసి ఒకరినొకరు గుద్దుకున్నారు, నవ్వారు, మళ్లీ నిలబడ్డారు. నాలుగోసారికి పదకొండు కుడిచేతులు లేచాయి. ఆయన ముందుకు నడిచినప్పుడల్లా వాళ్లూ ముందుకు నడిచి మీద పడబోతుంటే, మధ్యలో దూరం పెంచుకుంటూ పోయి చివరికి ఆయన అలల్లో మోకాటి లోతున నిలబడ్డాడు.

ఇన్నేళ్లు నేర్పుతున్నా అడుగులు వేసేటప్పుడు వాళ్ల మొహాలు ఆయన చూడలేదు. చిట్టి నాలుక బయటపెట్టి మునిపళ్లతో పట్టుకుంటుందని తెలియదు. వనజాక్షి కళ్లు రెప్ప వేయవని తెలియదు. చివర దణ్ణం దగ్గరకు వచ్చేసరికి ఆయన ఎడమచేయి గుండెల ముందుకు వచ్చింది. ఎదురుగా పదకొండు కుడిచేతులు. కొట్టిన చేతులే. అవి తప్పులా కనిపించలేదు. తనది తప్పనీ అనిపించలేదు. రెండూ తప్పు కాకపోతే మరి తెరకు ఏ పక్క కూర్చున్నవాళ్లు నిజం చూసినట్టు?

ఎనిమిది సాయంత్రాలు అట్లాగే ఎదురెదురుగా నిలబడి చేశారు. ఒకరోజు విజయభాస్కర్ వచ్చి చూసి, ఇంక తాను చెప్పేదేం లేదన్నాడు. "ఎట్ట సరిచేసినారు మాస్టరుగారూ?" అని అడిగాడు.

"నేనేం సరిచెయ్యలేదు సార్. తిరిగి నిలబడినా, అంతే."

పోటీ రోజు పొద్దున బస్సు సరుగుడు తోపు దగ్గర ఆగింది. అంకాలమ్మ వేయించిన చేపలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. బస్సులో మూత తియ్యబాకమ్మే అని చెప్పబోయి ఆగి, "నీ ఇష్టం, తీసే తిను" అంది. వనజాక్షి సంచి భుజాన వేసుకుని మెట్టెక్కింది. కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలాక ఆమె ఫుట్‌బోర్డు మీదనే ఇటు తిరిగి, కళ్లు సగం మూసి, దణ్ణం పెట్టింది.

ఎడమచేత్తో.

కుడిచేత్తో కడ్డీ పట్టుకుని ఉంది కాబట్టి అట్లా పెట్టిందా, లేక తెలిసే పెట్టిందా, ముత్యాలయ్యకు అంతుబట్టలేదు. దుమ్ములో బస్సు చిన్నదైపోతోంది. ఆమె ఇంకా అట్లాగే నిలబడి ఉంది. తిరిగి దణ్ణం పెట్టాలి, పెట్టకుంటే బాగుండదు. ఆయన చేతులు రెండూ ఒకేసారి కొంచెం లేచి, ఏది ముందు పోవాలో తెలియక, గాలిలో ఆగిపోయాయి.

"ఏదో ఒకటి ఎత్తవయ్యా, బిడ్డ పోతావుంది" అంది పక్కనుంచి అంకాలమ్మ.