పర్వీన్ ఖానుమ్ వద్దంటే

పర్వీన్ ఖానుమ్‌ని సొంతూరేదని అడిగితే గుల్‌దరె అనేది. వెంటనే "పల్లెటూరు కాదు, సిటీ" అని తగిలించేది. ఇరాన్‌లో కొండల మధ్య ఒక కూడలి, ఒక బ్యాంకు, రెండు రొట్టెల కొట్లు ఉన్న ఊరది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ సర్కారు ఆఫీసు అక్కడే పెట్టారు కాబట్టి సిటీ అయి కూర్చుంది. మన లెక్కలో మండల కేంద్రం. టెక్సస్‌లోని కాపెల్‌లో ఆవిడ దగ్గర బ్లౌజులు కుట్టించుకునే తెలుగు ఆడవాళ్ళెవరైనా ఆ మాట పైకి అంటే, ఇక ఆ నెలలో వాళ్ళ బ్లౌజు అందినట్టే!

వాళ్ళ నాన్న ఆ ఆఫీసులో టీ పోసే మనిషి. గుల్‌దరెలో టీ ఇస్తానంటే ఎవరూ వెంటనే సరే అనరు. మొదటిసారి వద్దంటారు, రెండోసారి అయ్యో వద్దంటారు, మూడోసారి పుచ్చుకుంటారు. కొండ దిగి వచ్చిన రైతుకి నాలుక పిడచగట్టుకుపోతున్నా అంతే. మూడోసారి అడగనివాడు అక్కడ మనిషే కాదు. ఆ మర్యాదని పర్వీన్ టెక్సస్ దాకా మోసుకొచ్చి, ఏళ్ళ తరబడి నానా తిప్పలూ పడుతోంది. ఇక్కడివాళ్ళు ఒకసారి అడుగుతారు, వద్దంటే ఊరుకుంటారు. ఎన్ని విందుల నుంచి ఆకలితో ఇంటికొచ్చిందో ఆవిడకే తెలుసు.

ఈసారి వచ్చిన చిక్కు ఆకలి లాంటిది కాదు. కళ్ళలో శుక్లాలు ముదిరి, సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. సోమవారం ఆపరేషన్. వెంట ఎవరైనా వచ్చి, కార్‌లో ఇంటికి తీసుకెళ్తేనే చేస్తామన్నారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇది తప్పితే మళ్ళీ ఎప్పటికో. కుట్టుపని లేకుండా బతకడమంటే ఆవిడకి తలచుకుంటేనే భయం.

సంగతి విని పక్కింటి వసుమతి "నేను డ్రైవ్ చేస్తాను ఆంటీ" అంది. పర్వీన్ ప్రాణం లేచొచ్చింది. నోరు మాత్రం గుల్‌దరెది కదా, "వద్దమ్మా, నీకెందుకు శ్రమ, ఎవరో ఒకరు వస్తారులే" అంది.

"ఓ, ఓకే ఆంటీ. టేక్ కేర్" అని వసుమతి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి అడుగుతుందేమోనని పర్వీన్ చాలాసేపు తలుపు తీసే ఉంచింది. రాలేదు.

సరే, నోరు విప్పకుండానే గుర్తు చేద్దామని, ఆదివారం ఆకుకూరలూ సేమియా లాంటి పోగులూ వేసి పెద్ద గిన్నెడు ఆష్, అంటే వాళ్ళ చిక్కటి సూపు, వండి పట్టుకెళ్ళింది. వసుమతి గుమ్మంలోనే "అయ్యో, ఇవన్నీ ఎందుకాంటీ, వద్దు, ఇప్పుడే లంచ్ అయింది" అంది.

ఈ మనుషులకి వద్దంటే వద్దనే అర్థమని పర్వీన్‌కి మొన్న మరోసారి తెలిసొచ్చింది. ఒళ్ళు మండుతూ కూడా ఉంది. "ఓకే, టేక్ కేర్" అని గిన్నెతో సహా ఇంటికొచ్చేసింది.

గిన్నె పొయ్యి మీద పెట్టిందో లేదో, ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే వసుమతి, మొహం గంటు పెట్టుకుని.

"ఏంటాంటీ, ఒక్కసారి వద్దంటే గిన్నె పట్టుకుపోతారా? ఇంకోసారి తీసుకోమనరా? వాసనకే నోరూరిపోయింది! మా ఊళ్ళో అయితే బలవంతంగా చేతిలో పెట్టి మరీ వెళ్తారు!"

"మరి నువ్వు నన్ను ఎన్నిసార్లు అడిగావు?"

"ఇక్కడ నో అంటే ఇంక ఫోర్స్ చేయకూడదు కదా అని..." అని వసుమతి నసిగింది. అంతలో ఏదో తట్టి గొంతు తగ్గించింది. "రేపు మీతో ఎవరొస్తున్నారు ఆంటీ?"

పర్వీన్ తల దించుకుంది. "ఎవరూ లేరు."

"నేనొస్తాను."

"వద్దమ్మా."

"వస్తానంటున్నాగా!"

"అయ్యో, నీకు ఆఫీసు కదా..."

వసుమతి చెప్పులు విడిచి లోపలికొచ్చి, సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "సెలవు పెట్టేస్తాను. వస్తున్నానాంటీ, అంతే."

పర్వీన్‌కి ఏడుపు ఆగలేదు. కొంగులేని మనిషి, చొక్కా చేతి అంచుతోనే కళ్ళు తుడుచుకుని, గరిటె అందుకుంది.

"పొద్దున్న ఆరింటికల్లా అక్కడుండాలి" అంది ఆష్ వడ్డిస్తూ. "లేటవ్వకు."